చిన్న లాప్‌టాప్‌తో ఏ పని అవుతుంది, ఏది కాదు: తరచుగా అడిగే ప్రశ్నలు

తక్కువ ధర లాప్‌టాప్‌ల పెట్టెల మీద ‘రోజువారీ పనులకు’ అని రాసి ఉంటుంది. ఆ పనులేమిటో మాత్రం ఎక్కడా రాయరు. ఒకరి రోజువారీ పని రెండు ఉత్తరాలు టైపు చేయడం. ఇంకొకరిది ఇరవై ట్యాబ్‌లు తెరిచి, పక్కన వీడియో కాల్ పెట్టుకుని, మధ్యలో ఎక్సెల్ షీట్ నింపడం. మొదటివారికి ఈ లాప్‌టాప్ బంగారం, రెండోవారికి రోజూ తలనొప్పి. కొనబోయేవారికి, కొనేసి ఇప్పుడు ఆలోచిస్తున్నవారికి పనికొచ్చే ప్రశ్నలు ఇవి.

ఇక్కడ చిన్న లాప్‌టాప్ అంటే ఏది?

11 నుంచి 14 అంగుళాల తెర, 4 లేదా 8 జీబీ ర్యామ్, 64 లేదా 128 జీబీ స్టోరేజ్, లోపల సుమారు 6 వాట్లతో నడిచే ప్రాసెసర్. చాలా వాటిలో ఫ్యాన్ కూడా ఉండదు. ఇంటెల్ సెలెరాన్ ఎన్4020, ఎన్4500, 2023లో వచ్చిన ఎన్100 ఈ కోవలోవి. పల్చగా, తేలిగ్గా ఉన్నవన్నీ ఈ లెక్కలోకి రావు. ఖరీదైన 13 అంగుళాల లాప్‌టాప్‌లు కూడా తేలిగ్గానే ఉంటాయి, వాటి సంగతి వేరు.

ఇదేమీ కొత్త రకం కాదు. 2007లో ఏసుస్ కంపెనీ తెచ్చిన Eee PC 701 అనే లాప్‌టాప్‌కి 7 అంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ స్టోరేజ్ ఉండేవి. మరుసటి ఏడాది ఇంటెల్ ఆటమ్ ఎన్270 చిప్ వచ్చాక నెట్‌బుక్‌లు, అంటే ఇలాంటి చిన్న చౌక లాప్‌టాప్‌లు, గుంపులు గుంపులుగా వచ్చాయి. అప్పటికీ ఇప్పటికీ చిప్‌ల వేగం ఎన్నో రెట్లు పెరిగింది. కానీ వెబ్ పేజీలూ అంతకంత లావెక్కాయి. అందుకే అప్పుడు నెట్‌బుక్ వాడి విసిగిపోయినవాళ్లకు ఇప్పటి చౌక లాప్‌టాప్ దగ్గర కూర్చున్నా అదే విసుగు వస్తుంది.

ప్రాసెసర్ బలహీనం కాబట్టే ఇది నెమ్మదిగా ఉంటుందా?

చాలాసార్లు కాదు. అందరూ ముందు ప్రాసెసర్‌నే తిడతారు గానీ, ముందు చేతులెత్తేసేది ర్యామ్. దాని వెనకే స్టోరేజ్. ప్రాసెసర్ వంతు ఆ తర్వాతే.

నమ్మకం కుదరకపోతే మీరే చూడొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి పక్కన పెట్టుకుని, మీరు మామూలుగా చేసే పని చేసుకోండి. 4 జీబీ మెషీన్ మొరాయించినప్పుడు సాధారణంగా కనిపించేది ఇది: సీపీయూ గీత 30, 40 శాతం దగ్గర ఊగుతూ ఉంటుంది. మెమరీ (అంటే ర్యామ్) గీత 90 దాటి, దించిన తల ఎత్తనట్టు అక్కడే సాగుతుంది. డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ 100 కిందనే ఉండే చదివే వేగం, రాసే వేగం అంకెలు చూస్తే సెకనుకు కొద్ది ఎంబీలు మాత్రమే ఉంటాయి. డిస్క్ చేస్తున్నది పెద్ద పని కాదు. వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలను ర్యామ్‌లోంచి తీసి దాచడం, మళ్లీ వెతికి తేవడం. ర్యామ్‌లో చోటు లేక విండోస్ చేస్తున్న సర్దుబాటు అది. మౌస్ నొక్కిన మూడు సెకన్లకు మెనూ తెరుచుకోవడానికి కారణం సాధారణంగా ఇదే.

సీపీయూ గీత 100 దగ్గర ఉండి, మెమరీ 70 లోపే ఉంటే అప్పుడు తప్పు నిజంగా ప్రాసెసర్‌దే. ముందు ఈ తేడా తెలుసుకోండి. లేకపోతే ఒక జబ్బుకు ఇంకో మందు వేసినట్టవుతుంది.

4 జీబీ ర్యామ్ సరిపోతుందా?

విండోస్ 11 నడవడానికి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస అర్హత 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. కనీసం అంటే ‘తెరుచుకుంటుంది’ అని అర్థం, ‘పని చేసుకోవచ్చు’ అని కాదు.

లెక్క చూడండి. 4 జీబీలో కొంత భాగాన్ని గ్రాఫిక్స్ కోసం చిప్ ముందే పక్కన పెట్టుకుంటుంది. విండోస్, దాని యాంటీవైరస్, తయారీదారు ఎక్కించి పంపిన నాలుగైదు ప్రోగ్రాములు కలిసి ఏమీ తెరవకముందే సగానికి పైగా తినేస్తాయి. మీకు మిగిలేది ఒకటి, ఒకటిన్నర జీబీ. అందులో ఒక వర్డ్ ఫైలు, మూడు నాలుగు తేలికపాటి ట్యాబ్‌లు పడతాయి. ఐదోదిగా మెయిల్ తెరిస్తే పైన చెప్పిన సర్దుబాటు మొదలు.

ఇప్పుడు కొత్తగా కొంటూ విండోస్‌తో 4 జీబీ తీసుకోవడం డబ్బు దండగ. ఇందులో మొహమాటం అక్కర్లేదు. 8 జీబీ ఉంటే అదే బలహీనమైన చిప్ కూడా మర్యాదగా పనిచేస్తుంది.

బ్రౌజర్ ఒక్కటే అంత మెమరీ ఎందుకు తింటుంది? ఎన్ని ట్యాబ్‌ల వరకు ఫరవాలేదు?

ఇప్పటి బ్రౌజర్ ఒక ప్రోగ్రాం కాదు, చాలా ప్రోగ్రాముల గుంపు. 2018లో క్రోమ్ 67 నుంచి వేర్వేరు సైట్లను వేర్వేరు ప్రాసెస్‌లలో నడపడం అలవాటుగా మారింది. ఒక సైట్‌లోని దొంగ కోడ్ పక్క సైట్ సమాచారాన్ని చదవకుండా ఈ ఏర్పాటు. దానికి మెమరీ 10 నుంచి 13 శాతం అదనంగా పడుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. భద్రత కోసం కట్టే సుంకం అనుకోండి. పెద్ద మెషీన్‌లో అది తెలియదు, 4 జీబీలో తెలుస్తుంది.

ట్యాబ్‌ల సంఖ్య చెప్పమంటే చెప్పడం కష్టం, ఎందుకంటే ట్యాబ్‌లన్నీ ఒకటి కావు. అక్షరాలు మాత్రమే ఉన్న వ్యాసం కొన్ని పదుల ఎంబీలతో సరిపెట్టుకుంటుంది. ఆన్‌లైన్ స్ప్రెడ్‌షీట్, మెయిల్, ఆగకుండా కిందికి జరిగే సోషల్ మీడియా పేజీ ఒక్కొక్కటి కొన్ని వందల ఎంబీలు తీసుకుంటాయి. కంట్రోల్ లేని యాడ్ వీడియోలున్న వార్తల సైట్లు వీటికంటే ఘోరం.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ ఆన్‌లో పెట్టండి. వాడని ట్యాబ్‌లను అవి పడుకోబెడతాయి. మంచి యాడ్ బ్లాకర్ ఒకటి పెట్టుకుంటే పేజీల బరువు స్పష్టంగా తగ్గుతుంది. కానీ ఎక్స్‌టెన్షన్లు పది పెట్టుకుంటే అవీ మెమరీ తింటాయి, కాబట్టి ఒకటి రెండు చాలు. ఇంకో మాట: రెండు బ్రౌజర్లు ఒకేసారి తెరిచి పెట్టే అలవాటుంటే మానేయండి.

మా దాంట్లో 64 జీబీ ఈఎంఎంసీ అని ఉంది. అది ఎస్‌ఎస్‌డీ లాంటిదేనా?

లోపల ఉండే ఫ్లాష్ మెమరీ ఒకే జాతిది. దాన్ని నడిపే పద్ధతి వేరు. ఈఎంఎంసీ ఒక సమయంలో చదవడమో, రాయడమో ఏదో ఒకటే చేయగలదు. ఇటు వాహనం దాటేదాకా అటువాళ్లు ఆగాల్సిన ఇరుకు వంతెన లాంటిది. విండోస్ అప్‌డేట్ ఏదో వెనకాల రాసుకుంటూ ఉంటే, మీరు తెరవబోయే ఫైలు వరుసలో నిలబడుతుంది.

అంకెల్లో చెప్పాలంటే, ఈఎంఎంసీ 5.1 గరిష్ఠ వేగం కాగితం మీదే సెకనుకు 400 ఎంబీ. సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా ఇస్తుంది. ఎన్‌వీఎంఈ రకం మూడో తరం డ్రైవ్‌లే 3,500 వరకు వెళ్తాయి. అయితే మీ అనుభవాన్ని నిర్ణయించేది ఈ పెద్ద అంకెలు కాదు, చిన్న చిన్న ఫైళ్లు చదివే, రాసే వేగం. ఈఎంఎంసీ బాగా వెనకబడేది అక్కడే.

పెట్టె మీద ‘ఫ్లాష్ స్టోరేజ్’ అని మాత్రమే రాసి ఉంటే ఈఎంఎంసీ అనే అనుకోండి. ఎస్‌ఎస్‌డీ ఉంటే వాళ్లే పెద్ద అక్షరాల్లో రాసుకుంటారు.

64 జీబీ అన్నారు, ఖాళీ మాత్రం 30 కూడా లేదు. మిగతాది ఎక్కడికి పోయింది?

తయారీదారు లెక్కలో 64 అంటే విండోస్ లెక్కలో 59, 60. రికవరీ కోసం దాచిన భాగం తీసేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. విండోస్ తనకోసం 20 జీబీకి పైగా తీసుకుంటుంది. ఆఫీస్, బ్రౌజర్, ఇంకేవైనా యాప్‌లు వేసేసరికి ఖాళీ ఇరవై ముప్పై జీబీలకు దిగుతుంది.

అసలు తంటా ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌తో. అది కొత్త విండోస్‌ను పక్కన కట్టి, పాతదాన్ని పది రోజుల దాకా దాచి ఉంచుతుంది. అంత చోటు లేకపోతే అప్‌డేట్ సగంలో ఆగి, వెనక్కి వెళ్లి, మర్నాడు మళ్లీ ప్రయత్నిస్తుంది. 32 జీబీ పాత మోడళ్లు వాడినవాళ్లకు ఈ చక్రం బాగా తెలుసు. కనీసం 15 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోవడం మంచిది.

ఫొటోలు, సినిమాలు, పాత ఫైళ్లు మెమరీ కార్డులోకో, బయటి డ్రైవ్‌లోకో పంపేయండి. ప్రోగ్రాములను మాత్రం మెమరీ కార్డులో వేయొద్దు, నత్తనడకే. హైబర్నేషన్ (తెరిచినవన్నీ డిస్క్‌లో దాచి మెషీన్‌ను ఆపే పద్ధతి) వాడకపోతే దాన్ని ఆపేయొచ్చు. ర్యామ్‌లో సుమారు 40 శాతం సైజున్న ఫైలు ఒకటి పోతుంది, అంటే 4 జీబీ మెషీన్‌లో ఒకటిన్నర జీబీ కలిసొస్తుంది. దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, అందుకని ఆన్ కావడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది.

తర్వాత ర్యామ్ పెంచుకోవచ్చు కదా?

చాలా మోడళ్లలో కుదరదు. ర్యామ్, ఈఎంఎంసీ రెండూ బోర్డుకే అతికించి వస్తాయి. కొన్నిటిలో ఒక ర్యామ్ స్లాట్, ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే ఒక ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంటాయి. అదృష్టం ఉంటే మీదీ అలాంటిదే కావచ్చు. కొనేముందే మోడల్ నంబర్ పూర్తిగా, చివరి అక్షరాలతో సహా, పట్టుకుని తయారీదారు సర్వీస్ మాన్యువల్ చూడండి. ఒకే పేరుతో అమ్మే లాప్‌టాప్‌లోనే ఒక రకానికి స్లాట్ ఉంటుంది, ఇంకో రకానికి ఉండదు. అమ్మేవాళ్ల నోటి మాట దీనికి సరిపోదు.

చిప్‌కూ హద్దు ఉంటుంది. ఎన్4020కి ఇంటెల్ చెప్పిన గరిష్ఠ ర్యామ్ 8 జీబీ, ఎన్100కి 16 జీబీ.

2.8 గిగాహెర్ట్జ్ అని రాశారు. అంత వేగం కనిపించదేం?

అది పైకి అందుకోగలిగే వేగం, నిలబెట్టుకోగలిగేది కాదు. ఎన్4020 అసలు వేగం 1.1 గిగాహెర్ట్జ్. కొద్దిసేపు మాత్రమే 2.8 దాకా పరుగెత్తుతుంది. ఒక మెనూ తెరవడానికి, ఒక పేజీ లోడ్ కావడానికి ఆ పరుగు చాలు. అందుకే షాపులో నిలబడి రెండు నిమిషాలు చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. పని ఆగకుండా నడిస్తే చిప్ వేడెక్కుతుంది. ఫ్యాన్ లేదు, ఒళ్లంతా ప్లాస్టిక్, వేడి పోయే దారి లేదు. చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

దాన్ని దుప్పటి మీదో, ఒళ్లోనో పెట్టుకుంటే ఇంకా తొందరగా తగ్గుతుంది. గట్టి బల్ల మీద, కింద కాస్త గాలి ఆడేలా పెడితే తేడా తెలుస్తుంది.

వీడియో కాల్స్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, హద్దుల్లో. ఈ మెషీన్లకు అన్నిటికంటే కష్టమైన రోజువారీ పని ఇదే. ఎందుకో చూడండి. సినిమా చూడటమంటే ఒక వీడియోను విప్పడమే. కాల్‌లో మీ కెమెరా వీడియోను అప్పటికప్పుడు కుదించి పంపాలి, అవతల ఉన్న ప్రతి ముఖం వీడియోనూ విప్పాలి, మైకులో చప్పుళ్లు వడగట్టాలి. ఇవన్నీ ఒకే క్షణంలో. దానికి తోడు మీ వెనక గోడ కనిపించకుండా బ్లర్ పెడితే, ప్రతి ఫ్రేములోనూ మనిషి ఎక్కడ, గోడ ఎక్కడ అని వెతకాలి. రెండే కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉన్న చిప్‌కి ఆ ఒక్క ముచ్చటే మోయలేని భారం.

సాధారణంగా జరిగేది ఇలా ఉంటుంది. మొదటి పది నిమిషాలు అంతా సాఫీగా ఉంటుంది. తర్వాత కీబోర్డు పై భాగం వెచ్చబడుతుంది. టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ అంకె రెండున్నర దగ్గర నుంచి మెల్లగా దిగి ఒకటిన్నర కిందికి వస్తుంది. అప్పుడే మీరు స్క్రీన్ షేర్ నొక్కుతారు. మీ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని అవతలివాళ్లు అంటారు. అందరూ నెట్‌ను తిడతారు, నెట్ పాపం బాగానే ఉంటుంది.

అందుకని బ్లర్, బొమ్మల బ్యాక్‌గ్రౌండ్ ఆపేయండి. గ్యాలరీ బదులు మాట్లాడేవారు మాత్రమే కనిపించే వ్యూ పెట్టుకోండి. వీడియో క్వాలిటీలో హెచ్‌డీ తీసేయండి. కాల్ మొదలయ్యే ముందు బ్రౌజర్‌లో మిగతావన్నీ మూసేయండి. ముఖ్యమైన ఇంటర్వ్యూ అయితే, స్క్రీన్ షేర్ అక్కర్లేకపోతే, కాల్ ఫోన్‌లో పెట్టుకుని నోట్సు లాప్‌టాప్‌లో చూసుకోవడం టెన్షన్ లేని పద్ధతి.

యూట్యూబ్, సినిమాలు?

ఫుల్ హెచ్‌డీ వరకు సమస్య ఉండకూడదు. వీడియో విప్పే పనికి చిప్‌లోనే ప్రత్యేకమైన భాగం ఉంటుంది, అది చేస్తున్నంతసేపు సీపీయూ తీరిగ్గా ఉంటుంది. మెలిక ఫార్మాట్‌తోనే. ఎన్4020 లాంటి చిప్‌లకు వీపీ9 అనే ఫార్మాట్ తెలుసు, ఏవీ1 అనేది తెలియదు. ఎన్100కి రెండూ తెలుసు. పాత చిప్ మీద సైట్ ఏవీ1 వీడియో పంపితే ఆ బరువంతా సీపీయూ మీద పడుతుంది.

యూట్యూబ్‌లో వీడియో మీద కుడి బటన్ నొక్కి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరిస్తే కోడెక్ అన్నచోట ఏది వస్తోందో కనిపిస్తుంది. ఏవీ1 వస్తూ వీడియో తడబడుతుంటే, హెచ్264 అనే పాత ఫార్మాట్ మాత్రమే తీసుకునేలా చేసే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. వాటితో వీడియో 1080పీ దాటదు. ఈ తెరల మీద అంతకుమించి పెట్టినా కనపడేదేం లేదు.

వర్డ్, ఎక్సెల్ పనులకు ఎలా ఉంటుంది?

వర్డ్‌కు హాయిగా ఉంటుంది. వందల పేజీలు, పేజీపేజీకీ ఫొటోలు ఉంటే కాస్త తడబడుతుంది.

ఎక్సెల్‌లో షీట్ పొడవు చూసి భయపడకండి. ఎక్సెల్ పది లక్షలకు పైగా వరుసలు ఇస్తుంది. వాటిలో కొన్ని వేల వరుసలు, మామూలు కూడికలు ఉన్న షీట్ ఈ మెషీన్ మీద కూడా బాగానే నడుస్తుంది. చంపేవి ఫార్ములాలు. ప్రతి వరుసలోనూ ఇంకో షీట్‌లో వెతికే వీలుకప్, ఏ గడి మార్చినా మళ్లీ లెక్కపెట్టుకునే ఆఫ్‌సెట్, ఇండైరెక్ట్ లాంటివి వేలల్లో ఉంటే ఒక్క అంకె మార్చినా గుండ్రం తిరుగుతూ ఉంటుంది. లెక్కింపును మాన్యువల్‌లో పెట్టి, డేటా అంతా నింపాక ఎఫ్9 నొక్కితే ప్రాణం నిలుస్తుంది. బరువైన లెక్కలు రోజూ ఎక్సెల్‌లో చేసే ఉద్యోగమైతే మాత్రం ఈ తరగతి మెషీన్ జోలికి పోవద్దు.

కోడింగ్ నేర్చుకోవడానికి పనికొస్తుందా?

పైథాన్, సీ, హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ మొదటి పాఠాలకు నిక్షేపంగా పనికొస్తుంది. ఎడిటర్ తేలికదైతే చాలు. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్లు, డాకర్ లాంటి బరువైన సాధనాలు మొదలైన రోజున దీని కథ ముగుస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోకే కనీసం 8 జీబీ ర్యామ్ కావాలంటున్నారు, ఎమ్యులేటర్‌తో కలిపితే ఇంకా ఎక్కువ. ఇంజినీరింగ్‌లో చేరబోయే విద్యార్థికి నాలుగేళ్ల కోసం దీన్ని కొనివ్వడం సరైన లెక్క కాదు.

బరువైన పని ఇంకో కంప్యూటర్ మీద జరిగి, మీరు దానికి రిమోట్‌గా కనెక్ట్ అయ్యే ఏర్పాటు ఉంటే ఈ చిన్న లాప్‌టాప్ చక్కగా సరిపోతుంది. అప్పుడిది కీబోర్డూ, తెరా మాత్రమే.

ఫొటో ఎడిటింగ్, వీడియో ఎడిటింగ్, గేమ్స్?

ఫొటో కత్తిరించడం, వెలుగు సరిచేయడం వరకు సరే. వీడియో ఎడిటింగ్ వద్దు. గేమ్స్ అంటే పేకాట, చదరంగం, చాలా పాత గేమ్స్.

ఫోన్ ఇంతకంటే చురుగ్గా ఉంటుంది. లాప్‌టాప్ ఎందుకు వెనకబడింది?

రెండు కారణాలు. ఫోన్ ఒకసారికి ఒక్క యాప్‌నే ముందు ఉంచి, వెనకవాటిని నిర్దాక్షిణ్యంగా ఆపేస్తుంది. విండోస్ అలా చేయదు, మీరు తెరిచినవన్నీ బతికే ఉండాలని చూస్తుంది. రెండోది స్టోరేజ్. మంచి ఆండ్రాయిడ్ ఫోన్లు 2015లో గెలాక్సీ ఎస్6 నుంచి యూఎఫ్‌ఎస్ అనే వేగమైన రకానికి మారిపోయాయి. అది ఒకేసారి చదవగలదు, రాయగలదు. చౌక లాప్‌టాప్ మాత్రం పాత ఈఎంఎంసీనే పట్టుకు వేలాడింది.

ఫోన్ నుంచి ఒక పాఠం తీసుకోవచ్చు. ఈ లాప్‌టాప్‌నూ ఫోన్‌లాగే, ఒకసారికి ఒక పని అన్నట్టు వాడితే విసుగు చాలావరకు తగ్గుతుంది.

తెర చిన్నది కావడం పెద్ద ఇబ్బందేనా?

అంగుళాల కంటే పిక్సెళ్లు చూడండి. 1366×768 తెర మీద బ్రౌజర్ పట్టీలు, ఆఫీస్ రిబ్బన్, టాస్క్‌బార్ తీసేస్తే ఎత్తులో మిగిలేది సగం చిల్లర. రెండు కిటికీలు పక్కపక్కన పెడితే రెండూ చదవలేం. 1920×1080 అయితే ఒక పక్క చదువుతూ ఇంకో పక్క రాసుకోవచ్చు. ఇంట్లో మానిటర్ ఉంటే హెచ్‌డీఎంఐతో కలిపేయండి. ఒక ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఈ చిప్‌లకు బరువేమీ కాదు.

తెర రంగు వెలిసినట్టు, పక్క నుంచి చూస్తే నల్లగా కనిపిస్తే అది టీఎన్ అనే చౌక రకం ప్యానెల్. దాన్ని బాగుచేసే సెట్టింగ్ ఏదీ లేదు.

ఫోన్ ఛార్జర్‌తో ఛార్జ్ చేయొచ్చా?

యూఎస్‌బీ-సీ పవర్ డెలివరీ ఉన్న మోడల్ అయితే, 45 వాట్ల ఛార్జర్ సాధారణంగా సరిపోతుంది. చిన్న ఫోన్ ఛార్జర్ పెడితే ఎక్కదు, లేదా వాడుతున్నంతసేపూ ఎక్కిన దానికంటే దిగేదే ఎక్కువ. సీ పోర్టు ఉన్నంత మాత్రాన దానిగుండా ఛార్జింగ్ ఉందని కాదు, కొన్నిటిలో అది డేటాకు మాత్రమే. గుండ్రటి పిన్ ఉన్న పాత రకం అయితే దాని ఛార్జరే వాడాలి.

ఇక బ్యాటరీ విషయంలో ఈ చిన్నవాటికి వంక పెట్టాల్సిన పనిలేదు. చిప్ తాగే కరెంటే తక్కువ. రాతపని మాత్రమే అయితే చాలాసేపు వస్తుంది.

ఏ ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేయబోయినా స్టోర్‌కే వెళ్లమంటోంది. ఏమిటిది?

మీ విండోస్ ఎస్ మోడ్‌లో ఉంది. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లు మాత్రమే పడతాయి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గరికి వెళ్లి ఉచితంగా బయటికి రావొచ్చు. వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లే వీలు లేదు, సాధారణంగా ఎవరికీ ఆ అవసరమూ రాదు.

స్పీడ్ బూస్టర్, ర్యామ్ క్లీనర్ వేస్తే?

వేయకండి. అవి చేసేదల్లా ర్యామ్‌లో ఉన్నవాటిని బలవంతంగా డిస్క్‌లోకి నెట్టడం. మీటర్ తగ్గినట్టు కనిపిస్తుంది, మరుక్షణం అవన్నీ తిరిగి నెమ్మదైన ఈఎంఎంసీ నుంచే రావాలి. పైగా ఆ క్లీనర్ కూడా ఎప్పుడూ నడుస్తూ ర్యామ్ తింటుంది.

పనికొచ్చేవి సాదాసీదా పనులే. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీ తెరిచి, మీరు పిలవకుండా లేచేవాటిని డిసేబుల్ చేయండి. ట్రయల్ యాంటీవైరస్ ఏదైనా ఎక్కించి పంపి ఉంటే తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు.

విండోస్ తీసి లైనక్స్ వేస్తే బాగుపడుతుందా?

ర్యామ్ విషయంలో ఖాయంగా. లుబుంటు, లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటివి ఖాళీగా ఉన్నప్పుడు విండోస్ కంటే చాలా తక్కువ ర్యామ్ వాడతాయి. ర్యామ్‌లో ఉన్నదాన్ని అక్కడే కుదించి దాచే జెడ్‌ర్యామ్ ఆన్ చేస్తే 4 జీబీ మెషీన్‌కు కాస్త ఊపిరి వస్తుంది. వెనకాల గంటల తరబడి నడిచే అప్‌డేట్ల గోలా ఉండదు.

కానీ బ్రౌజర్ మాత్రం అదే బ్రౌజర్. పది ట్యాబ్‌ల బరువు లైనక్స్‌లో సగం కాదు. మీ పనికి ఆఫీస్ మాక్రోలో, విండోస్‌లో మాత్రమే నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరో కావాలంటే ఈ దారి మీది కాదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ చూసుకోండి. చౌక మోడళ్లలో సౌండ్ దగ్గరే ఎక్కువగా పేచీ వస్తుంది.

బ్రౌజర్ తప్ప ఇంకేమీ వాడని ఇంటి పెద్దవాళ్ల కోసమైతే 2022లో గూగుల్ విడుదల చేసిన క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ (విండోస్ బదులు వేసుకునే, బ్రౌజరే ప్రధానమైన సిస్టమ్) బాగుంటుంది. దానికి 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్ చాలు. ప్లే స్టోర్ యాప్‌లు అందులో ఉండవు.

విండోస్ 10తో నడుస్తున్న పాత చిన్న లాప్‌టాప్ ఉంది. 11కి మారాలా?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కానీ మీ చిప్ విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న చిప్‌ల జాబితాలో ఉందో లేదో ముందు చూడాలి. 2016 నాటి సెలెరాన్ ఎన్3350 లాంటివి అందులో లేవు. అడ్డదారిన 11 ఎక్కించే పద్ధతులు ఉన్నాయి గానీ, 4 జీబీ మెషీన్‌కు అది మేలు చేయదు. బ్యాంకు పనులు, ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు దాని మీద వాడుతుంటే పైన చెప్పిన లైనక్స్, ఫ్లెక్స్ దారుల్లో ఒకటి పట్టుకోండి.

కొత్త చిన్న లాప్‌టాప్ మంచిదా, అదే ధరకు వాడిన ఆఫీస్ లాప్‌టాప్ మంచిదా?

బల్ల మీద పెట్టి పనిచేసుకునేవాళ్లకు నా ఓటు వాడినదానికే. 2017లో వచ్చిన కోర్ ఐ5-8250యూ లాంటి చిప్‌కు నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్‌లు ఉంటాయి. విండోస్ 11 జాబితాలోనూ ఉంది. లెక్కపెట్టే బలంలో ఎన్100 దానికి దగ్గరగా వస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే. తేడా మిగతా ఒంట్లో ఉంటుంది. ఆఫీస్ కోసం చేసిన లాప్‌టాప్‌లో సాధారణంగా ఫ్యాన్ ఉంటుంది, నిజమైన ఎస్‌ఎస్‌డీ ఉంటుంది, చాలావాటిలో ర్యామ్ మార్చుకోవచ్చు, కీబోర్డు గట్టిగా ఉంటుంది.

రోజూ సంచిలో మోసుకెళ్లేవాళ్లకు, బ్యాటరీ మీదే గంటలు గడవాల్సినవాళ్లకు కొత్త చిన్నదే నయం. వాడినదాంట్లో బ్యాటరీ ఎంత మిగిలిందో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

ఇవన్నీ తెలిసీ చిన్నదే కొనాలనుకుంటే ఏం చూసుకోవాలి?

8 జీబీ ర్యామ్. ఈఎంఎంసీ కాకుండా ఎస్‌ఎస్‌డీ, 128 జీబీ అయినా సరే. ఎన్100 లేదా దాని తర్వాతి చిప్. 1920×1080 తెర. ధర కోసం ఏదైనా వదులుకోవాల్సి వస్తే చివరి నుంచి వదులుకుంటూ రండి, ర్యామ్ దాకా మాత్రం రాకండి.

క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ క్రోమ్ఓఎస్‌తో వచ్చే లాప్‌టాప్) అయితే ఇంకొకటి చూడాలి. 2021 నుంచి వచ్చిన వాటికి ఆటోమేటిక్ అప్‌డేట్లు పదేళ్లు. ఆ పదేళ్లు లెక్కించేది మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్‌కు ఆధారమైన ప్లాట్‌ఫాం విడుదలైనప్పటి నుంచి. డిస్కౌంట్‌లో దొరికిన పాత మోడల్‌కు సగం ఆయువు అప్పటికే అయిపోయి ఉండొచ్చు. మోడల్ పేరు పట్టుకుని గూగుల్ సపోర్ట్ పేజీలో ఆ తేదీ చూశాకే డబ్బు కట్టండి.